తడి గోనె మీద తూటాలు

చంద్రపూర్‌లో ఉండేవాళ్లకు తమ ఎండంటే కాస్త గర్వం. వేసవిలో ఏ ఊళ్లో ఎంత కాసిందో టీవీలో చెబుతుంటే మన ఊరి పేరు ముందు రాకపోతే బాబుపేట్‌లో మా గల్లీవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. "మనకంటె ఆ ఊరికి ఎక్కువనా? మీటరు ఖరాబైనట్టున్నది" అని మా పక్కింటాయన కోపం చేసుకునేవాడు. నేనూ ఆ కోవలోవాణ్నే. ఆ గర్వం మా సెక్షన్‌ను ఒకసారి ఎక్కడిదాకా తీసుకుపోయిందో, అప్పుడు మా మేడమ్ ఏం చేసిందో చెప్పాలని ఇది రాస్తున్నాను. కొత్తగా నౌకరీల్లో చేరుతున్న పిల్లల చేతిలో పడితే సంతోషం. పేర్లు మాత్రం రాయను. అందరూ బతికే ఉన్నారు, అందరి దగ్గరా నా ఫోన్ నంబరుంది.

నేను పనిచేసింది రైఫిల్ తూటాల్లో పోసే మందును పరీక్షించే చిన్న సెక్షన్‌లో. మందు వేరే కార్ఖానాలో తయారై లాట్లుగా వచ్చేది. ప్రతి లాట్‌లోంచి కొంత తీసి, సన్న త్రాసులో తూచి, ఇత్తడి ఖోకాల్లో, అంటే తూటా ఖాళీ గొట్టాల్లో, చేత్తో పోసి, పైన గుండు బిగించి పరీక్ష తూటాలు తయారుచేయడం నా పని. మిషన్ నింపిన తూటాలు దేశమంతా తిరుగుతాయి. నేను చేత్తో నింపినవి మా ప్రహరీ గోడ దాటేవి కావు. వాటిని గోడ వెనక నిలబడి తాడు లాగి కాల్చేది మా సెక్షన్‌లో అందరికంటే పెద్దవాడు, మేం కాకా అని పిలిచే మనిషి. గుండు ఎంత వేగంతో పోయింది, రైఫిల్ గొట్టం లోపల ఎంత ఒత్తిడి పుట్టింది అన్నది చూసి, లాట్ మంచిదో కాదో తేల్చి సంతకం పెట్టేది మా సెక్షన్ ఆఫీసర్, మేడమ్.

మందుకు ఎండా చలీ తెలుస్తాయి. ఈ సంగతి నాకు మొదట్లో అర్థం కాలేదు. అదే మందు, అదే తూకం, అదే గుండు. చలికాలంలో మర్యాదగా పోయే తూటా వైశాఖంలో ఎగిరి తన్నేది. నేను కోర్‌పనా పక్క పల్లెటూరి రైతు బిడ్డను కనుక, "పత్తికట్టె ఎండాకాలంల జల్ది అంటుకుంటది, గట్లనే కదా మేడమ్?" అన్నాను. "గది ఎండిపోయి అంటుకుంటది. ఇది వేడికే తొందరగ కాలుతది. తొందరగ కాలితే లోపల ఒత్తిడి పెరుగుతది. ఖోకా తట్టుకుంటది, రైఫిల్ తట్టుకుంటది, ఎంతదాక? గది చూసుడే మన పని" అన్నది. అందుకని ఒకే లాట్ తూటాలను కొన్ని మామూలుగా, కొన్ని చల్లటి పెట్టెలో ఉంచి, కొన్ని వేడి పెట్టెలో లోపలిదాకా కాగేట్టు ఉంచి కాల్చేవాళ్లం. ఆ వేడి పెట్టెను మేం భట్టీ అనేవాళ్లం.

మేడమ్‌ది చంద్రపూర్ బజారులో కిరాణం నడిపే తెలుగు కుటుంబం. చదువంతా మరాఠీలో, తర్వాత నాగ్‌పూర్‌లో ఇంజనీరింగ్. తెలుగు గలగలా మాట్లాడేది కానీ బస్సు మీద తెలుగు బోర్డు కనిపిస్తే నన్ను చదివి చెప్పమనేది. కోపం ముక్కు మీద ఉండేది. "సుమారు" అన్న మాట వినిపిస్తే చాలు, "సుమారుగ ఆకలైతుందా నీకు? సుమారుగ జీతం కావాల్నా?" అని విరుచుకుపడేది. మధ్యాహ్నం అదే మనిషి మా మధ్య కూచుని, కాకా డబ్బాలోంచి జొన్నరొట్టె తుంచుకుని తినేది. నా నౌకరీలో చాలామంది ఆఫీసర్లను చూశాను. పని తెలిసినవాళ్లు ఉన్నారు, మంచివాళ్లు ఉన్నారు. రెండూ ఒకే మనిషిలో, అదీ ఇంత గట్టిగా చూసింది ఆమెలోనే.

కాకా రాజురా వైపు మనిషి, నాకంటే బాగా పెద్ద. తొందర్లో రిటైర్ కావలసినవాడు. అందర్నీ కడుపులో పెట్టుకునే రకం. తూటాలు కాల్చే రేంజ్‌లోకి దారితప్పి వచ్చిన కుక్కకు కూడా మట్టి మూకుడులో నీళ్లు పెట్టేవాడు.

అవి మా కార్ఖానాలను విడగొట్టి, కలిపి, కొత్త కంపెనీల కింద సర్దుతున్న రోజులు. పొద్దున వచ్చేసరికి గేటు మీద బోర్డు మారి ఉండేది. ఏ సెక్షన్ ఉంటుందో, ఏది పోతుందో ఎవరికీ తెలియదు. మాలాంటి పరీక్ష సెక్షన్ ఇంకో రాష్ట్రంలోనూ ఒకటి ఉంది, రెండెందుకు, ఒకటి చాలు అని పైన అనుకుంటున్నారని కబురు. మా సెక్షన్ మూతపడితే మేమందరం తలో దిక్కు పోవాలి. నా భార్యకు అప్పుడప్పుడే రాజురా పక్కన బడిలో టీచర్‌గా బదిలీ దొరికింది. ఎన్నేళ్లు తిరిగితే దొరికిన చోటు అది! "మీరు పోతే పోండి, నేను మాత్రం కదల" అని ఆమె ముందే తేల్చి చెప్పింది. నాకు రాత్రిపూట అన్నం దిగేది కాదు.

ఆ గందరగోళంలోనే మా భట్టీ లోపలి కాయిల్ మాడిపోయింది. కొత్త కాయిల్ కోసం కాగితం పెడితే, పాత ఆఫీసు "ఇప్పుడు మీరు మా కింద లేరు" అంది, కొత్త ఆఫీసు "మీరింకా మా కిందికి రాలేదు" అంది. మేడమ్ ఫోన్ల మీద ఫోన్లు చేసింది. ఒకసారి విసిగిపోయి, "మేం ఎవ్వరి కింద లేకపోతే పైన ఉన్నట్టే కదా, నేనే సంతకం పెట్టుకుంట" అని ఫోన్ పెట్టేసింది. కాయిల్ మాత్రం రాలేదు.

సరిగ్గా అప్పుడే పైనుంచి కబురొచ్చింది. సెక్షన్లను చూసి ఏది ఉంచాలో చెప్పే పెద్దసార్లు వస్తున్నారు, వాళ్ల ముందు ఒక కొత్త లాట్‌ను పరీక్షించి చూపాలి. ఆ లాట్ కోసం బయట అందరూ ఎదురుచూస్తున్నారు. చూపించి మెప్పిస్తే ఉంటాం, లేకపోతే లేదు. వేడి పరీక్ష లేకుండా చూపితే సగం పరీక్షే అవుతుంది. భట్టీ చూస్తే చచ్చి పడుంది.

"భట్టీ ఎందుకు మేడమ్? మన ఎండ లేదా?" అన్నాడు మా సూపర్‌వైజర్. అందరం ఒక్కసారి తలెత్తాం. నిజమే కదా! రేంజ్ పక్క షెడ్డు మీద రేకుల కప్పు. మధ్యాహ్నం దాని మీద చెయ్యి పెడితే తోలు ఊడొస్తుంది. తూటాల ట్రేను రేకు మీద పెట్టి, థర్మామీటర్ ఆనించి, కావలసినంత వేడి చూపాక తీసి కాల్చడమే. ఇంకే ఊరివాళ్లకూ ఈ ఆలోచన వచ్చేది కాదు. వచ్చినా వాళ్ల ఎండ మీద వాళ్లకు అంత నమ్మకం ఉండేది కాదు. మేడమ్ మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. ఒక మధ్యాహ్నం ఖాళీ ఖోకాలు పెట్టి చూసింది. వేడి బాగానే ఎక్కింది. "సరే, రిజిస్టర్ల రాసేటందుకు కాదు, చూపెట్టేటందుకు. కాయిల్ వచ్చినంక మళ్ల చేద్దాం" అని షరతు మీద ఒప్పుకుంది.

ఆ రోజు పెద్దసార్లు కార్లు దిగేసరికే ఎండ మాడ్చేస్తోంది. మాకు పండగలా ఉంది. సూపర్‌వైజర్ అయితే ఆకాశం వైపు చూసి దండం పెట్టాడు. చల్లటి తూటాలు కాల్చాం, మామూలువి కాల్చాం, అంతా బరోబర్. చివరికి కాకా నిచ్చెనెక్కి రేకు మీది ట్రే దించాడు. థర్మామీటర్ చూపాల్సినంత చూపుతోంది. పెద్దసార్లలో పెద్దాయన దాన్ని స్వయంగా చూసి తలూపాడు. కాకా తూటాలు ఒక్కొక్కటే పెట్టి తాడు లాగుతున్నాడు. కొలతలు వస్తున్నాయి. మామూలు వాటికీ వేడి వాటికీ తేడా ఉండీ లేనట్టుంది. మందు అంటే ఇది! ఎండకు చలించని మందు! పెద్దాయన హిందీలో నవ్వుతూ, "మీ ఊరి సూర్యుణ్ని కూడా ఉద్యోగంలోకి తీసుకున్నారన్నమాట. ఇంత తక్కువలో పని చేసే సెక్షన్‌ను ఎందుకు మూస్తాం?" అన్నాడు. ఆ మాట చెవిన పడగానే నాకు రాజురా బడి, నా భార్య, మా ఇంటి వంటగది వరసగా కళ్లముందు కదిలాయి. వాళ్లు భోజనానికి క్యాంటీన్ వైపు నడిచారు. మేం ఒకరి వీపు ఒకరం చరుచుకున్నాం.

మేడమ్ చరుచుకోలేదు. కొలతల వైపే చూస్తూ నిలబడింది. తర్వాత ట్రేలో మిగిలిన తూటాను ఒకటి తీసి, పిల్లల జ్వరం చూసినట్టు చెంపకు ఆనించుకుంది.

"కాకా, ఈ ట్రే కింద ఏమన్న వేసినవా?"

"గోనె సంచి ఏసిన."

"తడిదా?"

"తడిదే మరి. ఉత్త రేకు మీద పెడితే మాడిపోవా? మందు కదా బిడ్డా, నాకు భయమైంది. జెర నీళ్లు చల్లి ఏసిన."

మా ప్రాంతంలో ఎండాకాలం దేనికైనా తడి గోనె కప్పుతారు, పరుస్తారు. నీళ్ల బిందెకు, కూరగాయల బుట్టకు, సైకిల్ సీటుకు. కాకా ముప్పై ఏళ్లు దాటిన నౌకరీలో ఎవరూ వెయ్యమని చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. పైన ఎండకు థర్మామీటర్ కాగింది, కింద తడికి తూటాలు చల్లగా కూచున్నాయి. మేం చేసింది వేడి పరీక్షే కాదు. ఎండకు చలించని మందని మేం మురిసిపోయిన మందుకు అసలు ఎండే తగల్లేదు.

కాకా మొహం చూడలేకపోయాను. నిలబడ్డవాడు నిలబడ్డట్టే నేల మీద చతికిలబడ్డాడు. సూపర్‌వైజర్ గొంతు తగ్గించి, "మేడమ్, వాళ్లు మెచ్చుకుని పోయిన్రు. లాట్ మీద సంతకం ఇయ్యాల పెట్టకున్రి. కాయిల్ వచ్చినంక చూసుకుందాం. ఇప్పుడు మాత్రం ఈ ముచ్చట లేపకున్రి, మీకు దండం పెడ్త" అన్నాడు. నిజం చెప్పాలంటే అందులో తప్పేముందో నాకు తోచలేదు. సంతకం పెట్టకపోతే లాట్ ఆగుతుంది, ఎవరికీ హాని లేదు, సెక్షన్ నిలబడుతుంది. మేడమ్ వింటుందని గట్టిగా ఆశపడ్డాను.

ఆమె తూటాను మళ్లీ ట్రేలో పెట్టింది. "మన సెక్షన్ ఉండాల్నని ఆయన దేన్ని చూసి అన్నడు? ఈ కొలతల్ని చూసి. మనం ఉండెటిదే కొలత చెప్పెటందుకు. అబద్ధం కొలత మీద నిలబడి, రేపటిసంది నిజం కొలత చెప్తమంటే ఎట్ల?" అంది. కోపం లేదు, ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. చెయ్యి కడుక్కుని క్యాంటీన్ వైపు నడిచింది. మేం వెనకాలే పోయి కిటికీ దగ్గర నిలబడ్డాం.

లోపల పెద్దాయన పూరీ తుంచుతున్నాడు. మేడమ్ ఎదురుగా నిలబడి, "సర్, ఇందాక మీరు చూసింది వేడి పరీక్ష కాదు. తూటాలు వేడెక్కలేదు. థర్మామీటర్‌ను నమ్మాను, చెయ్యి పెట్టి చూడలేదు. తప్పు నాది" అంది.

"నేను ఈ సెక్షన్ ఉంచుదామని ఇప్పుడే వీళ్లందరి ముందు అన్నాను."

"అందుకే మీరు భోజనం ముగించకముందే చెబుదామని వచ్చాను."

ఆయన పూరీ పళ్లెంలో పెట్టేశాడు. "వేడెక్కకుండా చేసిందెవరు?"

"నా సెక్షన్ సర్."

"పేరు అడుగుతున్నాను."

అప్పుడు నా పక్కన నిలబడ్డ కాకా ఉండబట్టలేక గుమ్మంలోకి దూసుకుపోయాడు. "నేనే సాబ్, సంచి నేనే..." మేడమ్ వెనక్కి తిరగనైనా లేదు. "కాకా, నువ్వు బయట ఉండు. ఇది నా మాట" అంది. రిటైరయ్యే ముందు ఆ మనిషి మీద విచారణ పడకూడదని ఆమె పట్టు. కాకా అక్కడే గోడకు ఆనుకుని, భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. పెద్దాయన కాసేపు ఇద్దర్నీ చూసి మళ్లీ పేరు అడగలేదు.

మేడమ్ అక్కడితో ఆగిందా? లేదు. "సర్, మళ్లీ పరీక్ష చేయాలంటే కాయిల్ కావాలి. ఎవరు సంతకం పెట్టాలో ఎవరికీ తెలియడం లేదు. మీరున్నారు కదా, మీరు పెట్టండి" అంది. ఆయన చేతికి నూనె ఉంది. తుడుచుకుని, మొహం మాడ్చుకునే సంతకం పెట్టాడు. ఇన్నాళ్లూ ఎవరూ పెట్టని సంతకం! అంత బాధలోనూ కిటికీ దగ్గర మాకు నవ్వాగలేదు.

కాయిల్ వచ్చింది. భట్టీ వెలిగింది. అదే లాట్ మందును నేను మళ్లీ తూచి, మళ్లీ నింపాను. నింపుతున్నంతసేపూ ఈసారి కూడా కొలతలు మొదటిలాగే రావాలని కోరుకున్నాను. వస్తే ఎవరిదీ తప్పు కాదు, అందరం ఉంటాం. తూటాలు లోపలిదాకా కాగాక కాకా తాడు లాగాడు. రెండో దానికే కాలిన ఖోకా రైఫిల్లోంచి బయటికి రాకుండా మొరాయించింది. ఒత్తిడి హద్దు దాటిపోయింది. మేడమ్ చెయ్యెత్తి ఆపించింది. లాట్ వెనక్కి పోయింది.

ఆ సాయంత్రం ఇంటికి పోయి నా భార్యకు జరిగింది చెప్పాను. ఆమె తమ్ముడు పక్క జిల్లా అడవుల్లో పోలీసు. ఎండలో, భుజాన రైఫిల్‌తో, రోజుల తరబడి నడిచే పని. ఆమె కూర తరుగుతున్నదల్లా ఆగి, "గా మందు మా తమ్ముని దాక పోయేదా?" అని అడిగింది. ఎవరి దాకా పోయేదో నాకేం తెలుసు అన్నాను. "మీ మేడమ్‌ను ఒకసారి ఇంటికి తోల్కరా, భోజనం పెడ్త" అంది. మళ్లీ తరగడం మొదలుపెట్టింది. ట్రాన్స్‌ఫర్ గురించి ఆ రోజు ఒక్క మాటా ఎత్తలేదు.

పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మా పరీక్ష పద్ధతి నమ్మదగినది కాదట, సెక్షన్‌ను ఇంకో రాష్ట్రంలోని దాంట్లో కలిపేస్తున్నారట. నమ్మదగనిదని వాళ్లకు చెప్పింది మేమే. మేడమ్‌ను ఏదో ఆఫీసులో స్టోర్స్ చూసే పనిలో వేశారు. తూటా వాసన కూడా తగలని చోటు. వెళ్లే రోజు ఆమె మా ఇంటికి భోజనానికి వచ్చింది. కాకా ముద్ద మింగలేక "నా వల్లనే బిడ్డా, నా వల్లనే" అంటూ ఏడ్చాడు. "నువ్వు సంచి ఎయ్యకపోయినా ఆ మందు ఖరాబే కాకా. సంచి ఏసినవ్ కాబట్టి మనం రెండోసారి చూసినం, చెంపకు పెట్టి మరీ చూసినం. ఇగ తిను" అని అతని పళ్లెంలో తనే అన్నం పెట్టింది. ఆమె మీద నాకున్న గౌరవం ఆ క్షణాన ఎంతయిందో చెప్పలేను. ఒక మనిషి తన పనిని అంతగా ప్రేమించి, ఆ పనినే పోగొట్టుకుని, ఇంకొకడి ఏడుపు తుడవడం నేను మళ్లీ చూడలేదు.

నన్ను ఇంకో రాష్ట్రంలోని ఆ పెద్ద సెక్షన్‌లో వేశారు. కొండల పక్కన చలి ఊరు. భార్య రాజురాలో, నేను అక్కడ. రైల్లో పోతున్నంతసేపూ మేడమ్‌ను మనసులో తిట్టుకున్నాను, తిట్టుకుని మళ్లీ నన్నే తిట్టుకున్నాను. చేరిన రోజు అక్కడి ఆఫీసర్ నా కాగితాలు చూసి తలెత్తాడు. "ఆ మేడమ్ దగ్గర పనిచేశావా? క్యాంటీన్‌లోకి పోయి చెప్పిన ఆవిడ దగ్గర?" అని అడిగి, అవునన్నాక లేచి నాతో చెయ్యి కలిపాడు. వేడి పెట్టె తాళాలు నాకిచ్చి, "దీన్ని నువ్వే చూసుకో. కొత్త పెట్టె, ఖరీదైనది, ఇంతవరకు ఒక్క డిగ్రీ తేడా రాలేదు" అన్నాడు. మా సెక్షన్‌ను మూసి అందరి పనీ తెచ్చి పెట్టింది ఈ పెట్టె మీదే.

సాయంత్రం మేడమ్‌కు ఫోన్ చేశాను. నాకు దొరికిన మర్యాదంతా ఆమెదేనని చెప్పాలని నా ఆత్రం. ఆమె సగం వింది.

"పెట్టె మంచిగున్నదా?"

"కొత్తది మేడమ్. ఒక్క డిగ్రీ తేడా రాదట."

"ఎవరు చెప్పిన్రు? పెట్టె చెప్పిందా?" అంది. "రేపు పొద్దుగాల పోయి, వేరే థర్మామీటర్ తెచ్చి లోపల పెట్టు. మూల మూలకు పెట్టు. ఇక ఉంట, మా నాయినకు మందులియ్యాలె."

మరుసటి రోజు అందరికంటే ముందు వెళ్లి పెట్టాను. మధ్యలో సరిగానే ఉంది. వెనక మూలల్లో తక్కువ. ఇంకోటి తెచ్చి పెట్టాను, అదీ అదే చెప్పింది. ఈ పెట్టెలో కాగాయనుకుని, సంతకాలు పడి, బయటికి పోయిన లాట్లు ఎన్నో నాకు తెలియదు. నేను చేరి రెండో రోజు. ఇక్కడ నాకు ఎవరూ తెలియరు, ఆ ఆఫీసర్ తప్ప. ఆయనేమో నిన్ననే లేచి నిలబడి చెయ్యి కలిపాడు.

వసారాలో కాసేపు తచ్చాడాను. తర్వాత రెండు థర్మామీటర్లూ చేత్తో పట్టుకుని ఆయన గది తలుపు కొట్టాను.